పన్నులో పురుగు రాత్రిళ్ళు లేస్తుందన్న పేషెంట్: పదకొండు నెలల కేసు

నేను విజయనగరంలో పళ్ళ డాక్టర్ని, ప్రాక్టీస్ పెట్టి పదహారేళ్ళయింది. ఈ కేసు రాయాలని ఎప్పట్నించో అనుకుంటూ వాయిదా వేస్తున్నా. మొన్న ఒక జూనియర్ అమ్మాయి ఫోన్ చేసి "మేడమ్, మెంటల్ మందులు వాడే పేషెంట్ వచ్చాడు, పెద్దాసుపత్రికి రాసి పంపించేయనా" అని అడిగింది, ఇంక కూర్చుని రాసేద్దామనిపించింది. పేషెంటుని, వాళ్ళమ్మని అడిగే రాస్తున్నా. వయసు, ఇంటి వివరాలు మార్చాను, నోట్లో ఏం కనిపించిందో అది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నా.

మనిషికి 38 ఏళ్ళు, స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించే, లేనివి నమ్మే మానసిక జబ్బు. డిగ్రీ చదివేటప్పుడు మొదలైందట, మధ్యలో రెండుసార్లు విశాఖలో అడ్మిట్ అయ్యాడు, ఆ తర్వాత మందులు మానకుండా వాడుతున్నాడు, పొలం పనికి వెళ్తాడు, ఇంట్లో ఆవుని తనే చూసుకుంటాడు. నా దగ్గరికి వచ్చింది కుడివైపు కింద దవడ వాచిపోయి. తల్లి, బావ కలిసి ఆటోలో తీసుకొచ్చారు. రాగానే తల్లి అన్న మొదటి మాట "డాక్టరమ్మా, ఈడికి బుర్ర బాగోదు, పళ్ళు తోముకోడు, నాను సెప్పీ సెప్పీ ఇసిగిపోనాను". ఆయన పక్కనే నిలబడి అన్నీ వింటున్నాడు, కాళ్ళు ఒక చోట నిలవట్లేదు, ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకి బరువు మారుస్తూనే ఉన్నాడు. నేను కూడా తల్లినే అడగడం మొదలుపెట్టా, ఎన్నాళ్ళ నుంచి ఉంది, జ్వరం వచ్చిందా, అన్నం తింటున్నాడా అని. అలా ఐదు నిమిషాలు గడిచాక ఆయనే మాట్లాడాడు: "పన్నులో పురుగుంది మేడమ్. పగలు పడుకుంటాది, రాత్తిరి నాను పడుకోగానే లేస్తాది. అంతా తిరిగి కొరుకుతాది."

తల్లి నా వైపు తిరిగి, చూశారా మరి అన్నట్టు చూసింది. బావ తల దించుకున్నాడు.

నాకు మాత్రం ఆ మాట దగ్గర బుర్ర ఆగిపోయింది. పన్నుకి పురుగు పట్టింది అనని తెలుగువాళ్ళు ఎవరున్నారు చెప్పండి, మా నానమ్మ అనేది, నా దగ్గరికొచ్చే స్కూలు టీచర్లు ఇప్పటికీ అంటారు. పుచ్చు నరం దాకా దిగితే పగలు కొంచెం సద్దుకుని, రాత్రి తల దిండు మీద పెట్టగానే లోపల ఒత్తిడి పెరిగి పీకేస్తుంది, డెంటల్ కాలేజీలో మాకు నేర్పిన మొదటి పాఠాల్లో ఇదొకటి. ఈయన చెప్పింది అక్షరాలా అదే. ఇదే మాట వాళ్ళ బావ చెప్పి ఉంటే ఎవరైనా మొదట ఎక్స్‌రే తీసేవాళ్ళు. ఈయన చెప్పేసరికి అది జబ్బు ముదిరిందనడానికి గుర్తయిపోయింది.

తర్వాత విడివిడిగా అడిగితే కథ అంతా బయటికొచ్చింది. పురుగు సంగతి ఏడు నెలల క్రితమే మొదలుపెట్టాడు. రాత్రిళ్ళు లేచి కూర్చునేవాడు, బుగ్గ పట్టుకుని ఇంట్లో తిరిగేవాడు, ఒకసారి సైకిల్ పుల్లతో పన్ను కెలుక్కుని రక్తం తెచ్చుకున్నాడు. విశాఖ దూరమని దగ్గర్లో ఉన్న ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు, నోట్లో పురుగులు తిరుగుతున్నాయంటున్నాడు అని ఇంట్లోవాళ్ళే చెప్పారు, అక్కడ మందు డోసు పెంచారు. మూడు వారాలకి ఆయన "పురుగు సచ్చిపోయింది" అన్నాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు, డోసు పని చేసిందని. నేను ఎక్స్‌రే చూశాక నాకు అర్థమైంది ఏంటంటే, చచ్చిపోయింది పంటి నరం. నరం బతికున్నంత కాలం నొప్పి, అది చచ్చాక కొన్నాళ్ళు ఏ బాధా ఉండదు, లోపల మాత్రం వేరు చివర చీము గూడు కట్టుకుంటూ ఉంటుంది, నాలుగు నెలలు ఆగి దవడ వాచింది. ఆ డాక్టర్ని తప్పు పట్టడానికి కాదు ఇది చెప్పడం, ఆయన చేతికి వచ్చిన సమాచారం అదే. కానీ ఒక్కరు టార్చి వేసి నోరు తెరవమని ఉంటే కథ వేరేలా ఉండేది, ఆ ఏడు నెలలు నన్ను ఇప్పటికీ బాధ పెడతాయి.

ఇక నోరు. కుర్చీ వెనక్కి వాల్చొద్దన్నాడు, సరే అని నిటారుగా కూర్చోబెట్టే చూశా. అద్దం బుగ్గ పక్కన పెట్టి తీయబోతే రాలేదు, బుగ్గ లోపలి చర్మానికి అతుక్కుపోయింది, మెల్లగా వేలితో విడదీయాల్సి వచ్చింది. ఇది చూసినవాళ్ళు ఇంక మర్చిపోరు. మామూలు మనిషి నోరు తెరిచి అర నిమిషం ఉంచితే నాలుక కింద నీళ్ళు చేరతాయి, ఈయనకి ఆ గుంట పొడిగా ఉంది, ఉన్న కాస్త ఉమ్మి కూడా సబ్బు నురగలా తీగలు సాగుతోంది. నాలుక బీటలు వారిన చెరువు గట్టులా ఉంది, పెదాల మూలలు పగిలి ఎర్రగా ఉన్నాయి. నోట్లో 28 పళ్ళున్నాయి, 13 పళ్ళకి పుచ్చు, ఇంకో మూడు వేళ్ళు మాత్రం మిగిలిన పళ్ళు. పుచ్చు ఎక్కడ ఉందన్నది ముఖ్యం. మామూలుగా నమిలే పంటి గుంటల్లోనో రెండు పళ్ళ మధ్యనో వస్తుంది, ఈయనకి చిగురు పక్కన పంటి మెడ చుట్టూ, ముందు పళ్ళ అంచుల మీద, దవడ పళ్ళ మొనల మీద వచ్చింది. ఉమ్మి కడుగుతూ ఉండాల్సిన చోట్లు అవి. అక్కడ పుచ్చు వచ్చిందంటే నోరు ఎండిపోతోందని అర్థం. తోముకోకపోవడం ఒక్కటే అయితే ఇలా రాదు. గార చాలా ఉంది, చిగుళ్ళు ముట్టుకుంటే రక్తం, రోజుకి ఒక కట్ట బీడీలు కాలుస్తాడు కాబట్టి బుగ్గలు, నాలుక పక్కలు జాగ్రత్తగా చూశా, తెల్ల మచ్చలు, పుండ్లు ఏమీ లేవు.

ఆ రోజు చేసింది తక్కువే. 46 నంబరు పన్ను, అంటే కుడి కింద మొదటి పెద్ద దవడ పన్ను, తెరిచి చీము బయటికి వదిలా, అమోక్సిసిల్లిన్ రాశా, నొప్పికి పారాసెటమాల్. పన్ను పీకడం వాపు తగ్గాక పెట్టుకున్నా. బీపీ 100/70 ఉంది, రాత్రి వేసుకునే క్లోర్‌ప్రోమజైన్ (ఇదీ ఆ జబ్బుకి ఇచ్చే మందే) బీపీని పడేస్తుంది కాబట్టి కుర్చీలోంచి ఒక్కసారిగా లేవనివ్వలేదు, కాళ్ళు కిందికి పెట్టి ఐదు నిమిషాలు కూర్చోమన్నా. వెళ్ళేటప్పుడు మందుల చీటీలు, ఖాళీ అట్టలతో సహా అన్నీ వచ్చేసారి తెమ్మని చెప్పా.

వారం తర్వాత పాలిథిన్ కవర్ నిండా తెచ్చారు. టేబుల్ మీద పోసి ఒక్కొక్క అట్ట వెనక రాసింది చదివా. స్కిజోఫ్రీనియాకి వాడే అసలు మందు రిస్పెరిడోన్, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, ఆ పేరు చివర "ప్లస్" అని ఉంది. మన దగ్గర చాలామంది గమనించనిది ఇదే. ప్లస్ అంటే ఆ మాత్రలో రిస్పెరిడోన్‌తో పాటు 2 మిల్లీగ్రాముల ట్రైహెక్సీఫెనిడిల్ కూడా కలిపి ఉంది, చేతులు వణక్కుండా, ఒళ్ళు బిగుసుకోకుండా ఇచ్చే మందు అది. డోసు పెంచినప్పుడు వణుకు రాకుండా విడిగా ఇంకో ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర కూడా రాశారు. అంటే రోజుకి 6 మిల్లీగ్రాములు, పైన క్లోర్‌ప్రోమజైన్. ట్రైహెక్సీఫెనిడిల్ ఏ నరాల సిగ్నల్‌ని ఆపి వణుకు తగ్గిస్తుందో, ఉమ్మి గ్రంథులకి ఊరమని చెప్పేది కూడా ఆ సిగ్నలే, రెండూ కలిపి ఆగుతాయి. క్లోర్‌ప్రోమజైన్‌కి కూడా కొంత అదే గుణం ఉంది. మలబద్ధకం ఉందా అని అడిగితే తల్లి ఆశ్చర్యపోయింది, మీకెలా తెలుసమ్మా అంది. అదీ ఆ మందు పనే.

ఉమ్మి ఎంత ఊరుతుందో కొలిచా, దీనికి ఏ మిషనూ అక్కర్లేదు, దగ్గు మందు సీసా మీద వచ్చే గీతల మూత కంటే కొంచెం సన్నది, సిరంజి లాంటిది ఉంటే చాలు. గంట ముందు నుంచి ఏమీ తినకుండా, తల ముందుకి వంచి ఐదు నిమిషాలు నోట్లో చేరింది చేరినట్టు ఉమ్మమనడమే. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 0.3 మిల్లీలీటర్ల చుట్టుపక్కల రావాలి, 0.1 కంటే తగ్గితే గ్రంథులు పని చేయట్లేదని లెక్క. ఈయనకి ఐదు నిమిషాలకి 0.4 వచ్చింది, నిమిషానికి 0.08.

అప్పుడు చొక్కా జేబు వైపు చూశా, ఉబ్బెత్తుగా ఉంది. ఏముందండీ అని అడిగితే తీసి చూపించాడు, పిప్పరమెంట్లు. నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అంటుకుపోతుంటే ఒకటి చప్పరిస్తే హాయిగా ఉంటుందట, రోజుకి పదిహేను ఇరవై అవుతాయి. చక్కెర టీ ఏడెనిమిది. ఉమ్మి లేని నోట్లో రోజంతా చక్కెర ఊరుతూ ఉంటే పంటి గతి ఏమవుతుంది, పంటి పై పొర ఎనామిల్ కరగడం మొదలయ్యేది పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 దగ్గర, మామూలు నోట్లో తీపి తిన్న అరగంట గంటలో ఉమ్మి ఆ పులుపుని సర్దేస్తుంది, ఈయనకి సర్దేవాళ్ళే లేరు. ఇన్నేళ్ళలో నోరు ఎండుతోందా అని ఈయన్ని ఒక్కరూ అడగలేదు, ఆయన తన దాహానికి తనే మందు కనిపెట్టుకున్నాడు.

ఇంకోటి ఉంది. రాత్రి మాత్రలు ఎలా వేస్తారమ్మా అని అడిగితే తల్లి గొంతు తగ్గించి చెప్పింది, మొదట్లో మాత్ర అంటే ఉమ్మేసేవాడని బెల్లం ముక్కలో పెట్టి ఇచ్చేదట, పదేళ్ళుగా అదే అలవాటు, అది తిని పడుకుంటాడు. రాత్రి నిద్రలో ఎవరికైనా ఉమ్మి దాదాపు ఆగిపోతుంది, ఈయనకి అసలే లేదు, పళ్ళ మీద బెల్లం తెల్లారేదాకా. తల్లి బయటికి వెళ్ళాక ఆయన అన్నాడు, "బెల్లంలో మాత్రుంటాదని నాకు తెల్దేటి మేడమ్? అమ్మ బాధ పడతాదని ఊరుకున్నాను." ఆ మాట తల్లికి నేను చెప్పలేదు, మీరే చెప్పండి అన్నా. నెల తర్వాత చెప్పాడట. ఇప్పుడు మంచినీళ్ళతో వేసుకుంటున్నాడు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ముఖ్యంగా ఇంట్లో ఇలాంటి మందులు వాడేవాళ్ళున్న వాళ్ళకి. నోరు ఎండుతోంది కదా అని మాత్ర మీరే ఆపేయొద్దు, పళ్ళ డాక్టర్ ఆపమన్నా ఆపొద్దు. ట్రైహెక్సీఫెనిడిల్ ఉన్నపళంగా ఆపితే ఒళ్ళు బిగుసుకోవడం, వణుకు, ఆందోళన తిరగబెడతాయి, అసలు మందు ఆపితే జబ్బే తిరగబెడుతుంది. నేను చేసింది ఉత్తరం రాయడం. విశాఖలో ఆయన్ని మొదట్నించీ చూస్తున్న సైకియాట్రిస్ట్‌కి ఒక పేజీ రాశా, ఎక్స్‌రే ఫొటో, ఉమ్మి కొలత, మూడు మాత్రల మొత్తం డోసు, పురుగు అన్నది నిజంగా చీము పట్టిన పన్ను అన్న సంగతి, ఈ వణుకు మందు ఇంకా ఇంత అవసరమా మీరు చూడగలరా అని ఒక ప్రశ్న. వణుకు వస్తుందేమోనన్న ముందుజాగ్రత్తతో ఈ రకం మందుల్ని ఏళ్ళ తరబడి రొటీన్‌గా ఇవ్వొద్దని డబ్ల్యూహెచ్ఓ 1990లోనే చెప్పింది, అయినా మన దగ్గర ఒకసారి మొదలైతే అలా సాగిపోతూనే ఉంటుంది. ఆ సైకియాట్రిస్ట్ నాలుగో రోజున ఫోన్ చేశారు, పావుగంట మాట్లాడారు. పెరిగిన డోసు వెనక్కి తెచ్చి, ప్లస్ తీసేసి మామూలు రిస్పెరిడోన్ ఇచ్చి, ట్రైహెక్సీఫెనిడిల్‌ని రెండు నెలల్లో మెల్లగా తగ్గించారు. పూర్తిగా ఆపబోతే కుడి చెయ్యి వణికింది, అందుకే పొద్దున ఒక్క 2 మిల్లీగ్రాముల మాత్ర ఉంచారు. క్లోర్‌ప్రోమజైన్ సగం చేశారు. ఉమ్మి కొలత నాలుగో నెలలో ఐదు నిమిషాలకి 0.9, తొమ్మిదో నెలలో 1.1.

ట్రీట్‌మెంట్ అనుకున్నంత సాఫీగా జరగలేదు. 46, మూడు వేళ్ళు రెండు విడతల్లో తీశా, మత్తు ఇంజెక్షన్ అడ్రినలిన్ కలిపిందే, ప్రతిసారీ సూది వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకుని, చాలా నెమ్మదిగా, తక్కువ మోతాదులో. అక్కడిదాకా బాగానే ఉంది. రెండో నెలలో ముందు పళ్ళకి సిమెంట్ పెడదామని ఎయిరోటర్, అంటే పన్ను గీసే మిషన్, ఆన్ చేశా, పావు నిమిషంలో లేచి వెళ్ళిపోయాడు, ఆరు వారాలు రాలేదు. తప్పు నాదే. ఆ సన్నటి కీచు శబ్దంలో ఆయనకి మాటలు వినిపిస్తాయట, ముందే అడిగి ఉండాల్సింది. తర్వాత బావ ఫోన్‌లో బతిమాలి తీసుకొచ్చాడు, అప్పట్నించి పద్ధతి మార్చా. పొద్దున మొదటి అపాయింట్‌మెంట్, వేరే పేషెంట్లు రాకముందే. వెయిటింగ్ హాల్లో టీవీ ఆఫ్. మాస్క్ పెట్టుకునే ముందు మొహం చూపించి పలకరిస్తా. ఏది చేసినా ముందు చేతిలో పెట్టి చూడనిస్తా. మిషన్ లేకుండా చేత్తో, స్పూన్ ఎక్స్‌కవేటర్‌తో మెత్తబడిన పుచ్చు గోకి గ్లాస్ అయానమర్ సిమెంట్ పెట్టా, ఒక్కో రోజుకి రెండు పళ్ళు, అంతకు మించి కాదు. ఆ సిమెంట్‌లోంచి ఫ్లోరైడ్ కూడా కొంచెం కొంచెం వదులుతుంది, ఎండిన నోటికి అది మేలు.

వెనక ఐదు పళ్ళకి సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే వెండి కలిసిన ద్రవం పూశా. పూస్తే పుచ్చు అక్కడితో ఆగుతుంది, కానీ ఆ చోటు బొగ్గులా నల్లబడుతుంది, మళ్ళీ తెల్లగా అవదు. ఫొటో చూపించి ఆయన్నే అడిగా, తల్లిని కాదు. కాసేపు చూసి "నవ్వితే అవుపిస్తాదా" అన్నాడు. వెనకవి కనిపించవు అన్నా. "అయితే పెట్టీయండి" అన్నాడు. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన తన నోటి సంగతి తను తేల్చుకోలేడని ఎవరూ అనుకోవద్దు, అర్థమయ్యేలా చెప్పి టైమిస్తే తేల్చుకుంటారు. తీసిన పళ్ళ చోట కట్టుడు పళ్ళు పెట్టమని తల్లి చాలా అడిగింది, నేను ఒప్పుకోలేదు. ఉమ్మి లేని చిగురు మీద తీసి పెట్టుకునే సెట్ నిలవదు, ఒరుసుకుని పుండ్లు పడతాయి, పైగా ఈయన నాలుక అప్పుడప్పుడు తనంతట తను కదులుతోంది. ఏళ్ళ తరబడి ఈ మందులు వాడేవాళ్ళలో నాలుక, పెదాలు అలా కదలడం టార్డివ్ డిస్కినీసియా అనే సైడ్ ఎఫెక్ట్‌కి మొదలు కావచ్చు, అది కూడా సైకియాట్రిస్ట్‌కి రాశా. చిన్న సెట్ అయితే మింగేసే ప్రమాదం కూడా ఉంది.

ఇంట్లో మార్చినవి తక్కువే. మొదటి రోజు అందరికీ చెప్పినట్టే రెండు పూటలా తోముకోండి అని చెప్పి పంపా, ఆ మాటతో ఏమీ జరగలేదు. తర్వాత వరస మార్చాం: రాత్రి అన్నం, మాత్రలు, ఆ తర్వాత బ్రష్, ఇంక మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు. ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్, తోమాక ఉమ్మేయడమే, నీళ్ళు పోసి పుక్కిలించొద్దు. చెయ్యి వణుకుతుంటే బ్రష్ జారిపోతోందని, బావ సైకిల్ హ్యాండిల్ రబ్బరు ముక్క కోసి బ్రష్ పిడికి తొడిగి తెచ్చాడు, నేను ఎన్ని కంపెనీల బ్రష్‌లు చూపించినా దాని ముందు పనికి రాలేదు. పిప్పరమెంట్ల బదులు చక్కెర లేని చూయింగ్ గమ్, నీళ్ళ సీసా ఎప్పుడూ సంచిలో. టీ మానమనలేదు, చక్కెర తగ్గించి మూడుకి తెచ్చాం. మూడు నెలలకోసారి పళ్ళ మీద పూసే ఫ్లోరైడ్ వార్నిష్. బీడీలు తగ్గలేదు, ఆ విషయంలో ఇంకా ఏం చేయలేకపోయా.

తీవ్రమైన మానసిక జబ్బున్నవాళ్ళలో పళ్ళన్నీ ఊడిపోయే ఆడ్స్ (ఊడినవాళ్ళకీ ఊడనివాళ్ళకీ ఉన్న నిష్పత్తి) మిగతావాళ్ళ కంటే 2.8 రెట్లు అని 2015లో సైకోసొమాటిక్ మెడిసిన్ అనే జర్నల్లో పాత స్టడీలన్నీ కలిపి లెక్క వేశారు. ఆ అంకె చదివినప్పుడు నాకు ఈయన జేబులోని పిప్పరమెంట్లే గుర్తొస్తాయి.

ఫోన్ చేసిన ఆ జూనియర్‌కి చెప్పినవి కూడా రాసేస్తా, ఎవరికైనా పనికొస్తాయి. పంపించేయకు, ముందు మందుల అట్టలు చూడు. లిథియం (మూడ్ జబ్బులకి ఇచ్చే మందు) వాడే పేషెంట్‌కి పంటి నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రాయకు, లిథియం రక్తంలో పెరిగిపోయి విషంలా మారుతుంది. నీ కంటే ముందు మందుల షాపువాడు ఇచ్చేది అవే, కాబట్టి ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పు, పారాసెటమాల్ మాత్రమే అని. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్‌తో కూడా లిథియం పెరగొచ్చు, తప్పనిసరైతే సైకియాట్రిస్ట్‌ని అడుగు. కార్బమాజెపిన్ (ఫిట్స్‌కి, మూడ్ జబ్బులకి ఇచ్చేది) వాడేవాళ్ళకి ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్స్ వద్దు. స్కిజోఫ్రీనియాకే ఇచ్చే క్లోజపిన్ వాడేవాళ్ళకి నా పేషెంట్‌కి ఉల్టా ఉంటుంది, నోరు ఎండడం బదులు రాత్రి దిండు తడిసేంత ఉమ్మి కారుతుంది, నోరు తడిగా ఉంది కదా అని వదిలేయొద్దు, వాళ్ళకీ పుచ్చు, చిగుళ్ళ జబ్బు వస్తాయి. వాళ్ళకి సిప్రోఫ్లాక్సాసిన్ రాస్తే క్లోజపిన్ పెరుగుతుంది, బీడీ సిగరెట్ ఉన్నట్టుండి మానేసినా పెరుగుతుంది, కాబట్టి పొగ మానమని చెప్పే ముందు వాళ్ళ డాక్టర్‌కి ఒక ఫోన్ కొట్టు. క్లోజపిన్ మీద ఉన్నవాళ్ళు గొంతు నొప్పి, జ్వరం, నోట్లో పుండ్లు అని వస్తే మొదట రక్తపరీక్ష, తెల్ల కణాలు పడిపోయాయేమో చూడాలి, పన్ను సంగతి తర్వాత.

పదకొండో నెలలో మళ్ళీ మొత్తం చూశా. పెట్టిన సిమెంట్లలో రెండు ఊడిపోయాయి, మళ్ళీ పెట్టా. కొత్తగా రెండు పళ్ళకి మెడ దగ్గర పుచ్చు మొదలైంది, ఇంకా పైపైనే ఉంది. చిగుళ్ళలో రక్తం చాలా తగ్గింది, నాలుక తడిగా ఉంది, అద్దం బుగ్గకి అంటుకోలేదు. మొన్న వచ్చినప్పుడు ఆయనే ముందు కూర్చున్నాడు, తల్లి బయటే ఉంది. ఎలా ఉందండీ అంటే ఎడమవైపు వేలు పెట్టి చూపించి "ఇక్కడ సల్లనీళ్ళు తాగితే జివ్వుమంటంది మేడమ్" అన్నాడు. చూశా, 35 నంబరు పన్ను, పాత సిమెంట్ అంచు విరిగి ఉంది. ఆ రోజే సరి చేశా. వచ్చే నెల 9న వార్నిష్‌కి రమ్మన్నా, పొద్దున తొమ్మిదిన్నరకి.